గడప మీది పసుపు గీత

కారు చూడ్డానికి బయల్దేరేటప్పుడు వెల్మా హబర్డ్ తన చేతిసంచీలో టార్చిలైటు, గాయాలకు అంటించే పట్టీలు, బీపీ మాత్రలు, దారిలో తగిలే రెండు ఆస్పత్రుల ఫోన్ నంబర్లు రాసిన కాగితం పెట్టుకుంది. కొడుకు డారిల్‌కి ఇది కొత్త కాదు. ఇరవై ఏడేళ్లుగా చూస్తూనే ఉన్నాడు. చిన్నప్పుడు అతను ఈతకొలనుకి వెళ్తానంటే నోటితో ఊపిరి ఎలా ఊదాలో ముందు తను నేర్చుకుని, ఆ తర్వాతే పంపిన మనిషి ఆమె.

డారిల్ సిన్సినాటిలో పాలట్యాంకులు చేసే కర్మాగారంలో వెల్డరు. ఆరేళ్లు ఓవర్‌టైము చేసి డెబ్బై మూడు నాటి కెమారో అనే స్పోర్ట్స్ కారు కొనుక్కోవడానికి డబ్బు కూడబెట్టాడు. ఆ మాట విన్న రోజు వెల్మాకు అన్నం సయించలేదు. ఆ బండ్లకి వెనక బరువుండదని, వానలో బొంగరంలా తిరుగుతాయని, ఫలానా వాళ్లబ్బాయి ఫలానా వంతెన దగ్గర పోయాడని వారం రోజులు చెప్పింది. పేపరు ముక్కలు కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. చివరికి డారిలే ఒక దారి చెప్పాడు.

"అమ్మా, ఒప్పందం చేసుకుందాం. ప్రతి కారూ నువ్వు చూడు. నువ్వు వద్దంటే వద్దు. కానీ కారణం చెప్పాలి."

"చెప్తాను."

"నాకు భయంగా ఉంది అనేది కారణం కాదు."

వెల్మా ఒప్పుకుంది. కారణాలకేం కరువు అనుకుంది.

ఆమెను తోడు రమ్మనడంలో అర్థం లేకపోలేదు. ఇలాంటి కార్లు తయారయ్యే ప్లాంటులో ఆమె పదిహేనేళ్లు పనిచేసింది, తాళం వేసే రోజుదాకా. అయితే కారు గురించి ఆమెకు తెలిసింది ఒక్క మూర మేరే. డోరు కింద కాలు పెట్టి ఎక్కే అంచును లైనులో అందరూ గడప అనేవాళ్లు. బండి ముక్కు ముందు పెట్టుకుని మెల్లగా కదిలొచ్చేది. ఆమె డోరు తెరిచి, రబ్బరు, తివాచీ అంచు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూసి, గడప మీద పసుపు రంగు మైనపు పెన్సిలుతో ఒక టిక్కు గీసేది. పక్కవాడు దాని మీద రేకుపట్టీ పెట్టి మరలు బిగించేవాడు. ఒక్కో బండికి నిమిషం కూడా ఉండేది కాదు. ఆ టిక్కును మళ్లీ ఎవరూ చూసేవాళ్లు కాదు.

మొదటి కారు నదికి అవతల, కెంటకీ వైపు మార్విన్ ప్రూయిట్ అనే ఆయన షెడ్డులో ఉంది. పాత కార్లు కొని, బాగుచేసి అమ్మడం ఆయన వ్యాపారం. షెడ్డు నేల వెల్మా వంటిల్లు కన్నా శుభ్రంగా ఉంది. నారింజ రంగు కారు అద్దంలా మెరుస్తోంది. డారిల్ దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. వెల్మా సంచీలోంచి టార్చిలైటు తీసింది.

"ఏం బాబూ, డాక్టరమ్మని వెంట తెచ్చుకున్నావా?" అన్నాడు ప్రూయిట్, టార్చిలైటు చూసి.

"మా అమ్మండీ. చూస్తానంది."

"చూడనీ, చూడనీ. దాచేదేం లేదు మేడమ్. ఈ కారు ఒక్క చలికాలం రోడ్డెక్కలేదు. మంచు కరగడానికి మనవాళ్లు చల్లే ఉప్పు దీనికి తగల్లేదు. గడప కూడా ఫ్యాక్టరీదే. కావాలంటే ఇదిగో."

ఆయన మోకాళ్ల మీద కూర్చుని రేకుపట్టీ మరలు విప్పాడు. అవి వేళ్లతోనే తిరిగాయి. కింద పసుపు టిక్కు కనిపించింది.

"చూశావా? ముప్పై మూడేళ్ల కిందట లైనులో గీసిన గుర్తు. ఇది ఉందంటే గడప తుప్పు పట్టలేదని, ఎవరూ కోసి మార్చలేదని అర్థం. పాత కార్ల ఎగ్జిబిషన్‌లో దీనికే మార్కులు వేస్తారు."

వెల్మా వంగి టార్చి వేసింది. చాలాసేపు చూసింది. తరవాత నడుం పట్టుకుని లేచింది.

"ఇది గీసినాయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు."

"ఏమన్నారు?"

"ప్లాంటులో బండి నా ముందు నుంచి పోతూనే ఉండేదయ్యా. నేను నిలబడ్డచోటే ఉండేదాన్ని. టిక్కు కొట్టి చెయ్యి తీసేలోపు దాని తోక వెనక చక్రం వైపు సాగిపోయేది. ఇదేమో ముందుకి తిరిగి, ముద్దుగా, బళ్లో పంతులమ్మ దిద్దినట్టుంది. ఆగి ఉన్న బండి మీద పెట్టిన గీత ఇది."

ప్రూయిట్ నవ్వాడు. "ఎవరో ఒకరు అలా కూడా గీసి ఉండొచ్చుగా మేడమ్."

"పదిహేనేళ్లు ఆ గడపలే చూశాను. మా ఇంటి గడపనైనా అంతసేపు చూడలేదు."

అప్పటికే డారిల్ నేల మీద పడుకుని కారు కిందకి దూరాడు. కాసేపటికి అక్కణ్ణుంచే మాట వచ్చింది. "కోసి అతికారమ్మా. ఇలాంటి అతుకు నేను వేస్తే మావాళ్లు నన్ను గేటు బయటికి గెంటుతారు."

"కొత్త గడప వేస్తే నేరమా బాబూ? అందరూ వేస్తారు," అన్నాడు ప్రూయిట్, గొంతు మారిపోయి.

"నేరమేం కాదండీ," అన్నాడు డారిల్, బయటికొచ్చి వీపు దులుపుకుంటూ. "పాతదని చెప్పారు కదా, అదే."

తిరుగుదారిలో వెల్మాకు ఆకలేసింది, చాలా రోజుల తరవాత. హోటలు ముందు బండి ఆపించి, మాంసం, ఓట్స్ కలిపి ఎర్రగా వేయించిన గోయెటా ముక్కలు రెండు ప్లేట్లు తెప్పించింది. ఇంక ఈ పిచ్చి వదిలినట్టే అనుకుంది.

"అమ్మా, నువ్వు రాకపోతే నిండా మునిగేవాణ్ణి," అన్నాడు డారిల్, నోటినిండా పెట్టుకుని. "వచ్చే శనివారం ఇండియానాలో ఇంకోటి చూద్దాం. ఇంక నేను వేరే ఎవర్నీ అడగను. నువ్వు గీత చూసి చెప్పు, చాలు."

వెల్మా ఫోర్కు ప్లేటులో పెట్టేసింది.

తరవాతి శనివారం సంచీలో అవే వస్తువులున్నాయి. ఇండియానా వైపు, మొక్కజొన్న పొలాల మధ్య గ్రోవర్ టాకెట్ అనే ముసలాయన ఇల్లు. పాతికేళ్లు బడి బస్సు నడిపి రిటైరయ్యాడు. కారు గడ్డికొట్టంలో ఉంది. ఆయనే వేసిన ఆకుపచ్చ రంగు అక్కడక్కడా కారి గట్టిపడింది. ముందు సీటులో కుక్క పడుకుని ఉంది. వెల్మాకు ప్రాణం లేచొచ్చింది.

"అబద్ధం చెప్పను," అన్నాడు టాకెట్, కుక్కను దించుతూ. "ఇంజను వేరే బండిది. సీట్లు వేరేవి. బ్రేకులు పోయినేడాదే కొత్తవి వేశాను. ఫ్యాక్టరీది మిగిలింది ఒట్టి బాడీయే."

"తుప్పు?" అన్నాడు డారిల్.

"నా కంటికి కనపడలేదు. నా కళ్ల సంగతి మాత్రం నేను చెప్పలేను."

గడప రేకుపట్టీ మరలు కదల్లేదు. ఎప్పుడూ ఎవరూ విప్పినట్టు లేదు. డారిల్ నూనె పోసి, తట్టి, మళ్లీ పోశాడు. అరగంట పట్టింది. ఈలోగా టాకెట్ వెల్మాకు కాఫీ తెచ్చిచ్చి, తిరగేసిన బకెట్టు మీద కూర్చోబెట్టాడు.

"భయమా మేడమ్?"

"మీకెవరు చెప్పారు?"

"నేను రోజూ అరవైమంది తల్లుల మొహాలు చూసినవాణ్ణి. కిటికీలోంచి తొంగి చూసేవాళ్లు, వాళ్ల పిల్లాడు బస్సెక్కాడో లేదో. ఎక్కించింది వాళ్లే, అయినా."

పట్టీ ఊడొచ్చింది. లోపల గట్టిపడ్డ దుమ్ము. డారిల్ గుడ్డతో మెల్లగా తుడిచి పక్కకి జరిగాడు. "రా అమ్మా."

వెల్మా మోకాలి మీద కూర్చుని టార్చి వేసింది.

పసుపు టిక్కు. మొదలు లావుగా ఉంది, తోక సన్నబడుతూ వెనక చక్రం వైపు బెత్తెడు సాగింది. చివర బొటనవేలి మరక. పెన్సిలు తీస్తూ వేలు తగిలితే పడే మరక. దాని కింద లోహం గట్టిగా ఉంది. గోటితో గీకి చూసింది. ఏమీ రాల్లేదు.

వీపు వెనక డారిల్ ఊపిరి వినిపిస్తోంది. అతను గీత వైపు చూడటం లేదు, ఆమె వైపే చూస్తున్నాడు. తోక ముందుకుంది నాన్నా, ఇదీ దొంగదే అనొచ్చు. అంత మాట చాలు. అతను నమ్ముతాడు. పట్టీ మళ్లీ బిగించి, ముసలాయనకు దణ్ణం పెట్టి, ఇంటికి తీసుకెళ్తాడు. ఇంకో శనివారం, ఇంకో కారు, మళ్లీ అదే మాట. డబ్బు వేరేదానికి ఖర్చయిపోయేదాకా. పిల్లాడు మాత్రం ప్రాణాలతో ఉంటాడు.

ఆమె ఆ మరక మీదికి మళ్లీ టార్చి వేసింది.

ప్లాంటులో ఒకసారి సూపర్‌వైజరు ఆమె మీద కేకలేశాడు. రబ్బరు నలిగిన డోరుకి ఆమె టిక్కు కొట్టలేదు. కొట్టెయ్, ఎవడు చూస్తాడు అన్నాడు. ఎవరూ చూడరన్నది నిజమే. ఆమె కొట్టలేదు. ఆ రోజు భోజనం బ్రేకులో ఎవరితోనూ మాట్లాడకుండా, ఉద్యోగం పోతే అద్దె ఎలాగా అని ఏడుస్తూ కూర్చుంది. ఉద్యోగం పోలేదు.

"అమ్మా?"

"తోక వెనక్కే ఉంది," అంది వెల్మా. "మంచిదే. గడప గట్టిగా ఉంది."

డారిల్ ఆమె పక్కన వంగి గీత చూశాడు. "నువ్వు గీసిందేనా?"

"ఎవరికి తెలుసు? రెండు షిఫ్టులు, నలుగురం. అందరి చేతులకీ అదే తొందర." ఆమె లేవబోతే అతను చెయ్యి అందించాడు. లేచాక కూడా ఆ చెయ్యి వదల్లేదు. "డారిల్, నాకు భయంగా ఉంది."

"అది కారణం కాదమ్మా."

"తెలుసు. ఊరికే చెప్తున్నా."

అతను మళ్లీ కారు కిందకి దూరి, ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసి వచ్చాడు. బ్రేకులు వెల్మా ఎదుట పదిసార్లు తొక్కి చూపించాడు. పదకొండోసారి కూడా తొక్కమంది. తరవాత వంటింటి బల్ల మీద టాకెట్ సంతకం పెట్టాడు, డారిల్ బ్యాంకు చెక్కు ఇచ్చాడు. కుక్క వచ్చి కారు ముందు పడుకుంటే ముసలాయన దాన్ని ఎత్తుకుని పక్కకి తీసుకెళ్లాడు. మొహం మాత్రం ఇటు తిప్పలేదు.

ఇంటికి యాభై మైళ్లు. డారిల్ ఆకుపచ్చ కారులో ముందు వెళ్లాడు. వెల్మా అతని పికప్ ట్రక్కు నడుపుతూ వెనక వెళ్లింది. ప్రమాద హెచ్చరిక లైట్లు వేసి, రెండు చేతులతో స్టీరింగు బిగించి పట్టుకుంది. వెనకున్నవాళ్లు హారన్లు కొట్టారు, దాటిపోతూ ఏదో అన్నారు. ఆమె ఎటూ చూడలేదు. దారిలోని ఒక నది వంతెన దగ్గర డారిల్ కిటికీలోంచి చెయ్యి చాపి, నన్ను దాటి ముందుకెళ్లు అన్నట్టు ఊపాడు. ఆమె వెళ్లలేదు. రెండు లైట్లూ టిక్కు టిక్కుమంటూ ఆరి వెలుగుతుండగా, అతని వెనకే వంతెన దాటింది.