మిల్లు మూసిన ఏటి దుప్పి

వెర్నా మొగుణ్ణి అమ్మకానికి పెట్టిందట. పోస్టాఫీసులో విన్నానని మా పక్కింటి మార్విస్ చెప్పింది. నేను నోరు తెరిచేలోపు తనే సర్దింది: "మొగుణ్ణంటే మొగుణ్ణి కాదులే. ఆర్లెన్ వేటాడి గోడలకు తగిలించిన తలల్ని."

ఆర్లెన్ పోయి ఏడాదైంది. మోకాళ్ళు మెట్లెక్కనివ్వక వెర్నా రెండు గదుల వాటాలోకి మారుతోంది. వాటిలో ఎల్క్ అనే పెద్ద దుప్పి తల గుర్రం తలంత ఉంటుంది. కొమ్ములు లోపలికి పోవాలంటే మంచం బయటికి రావాలి.

నేను వెళ్ళేసరికి బిల్లింగ్స్ పట్నం నుంచి బేరగాడు వచ్చి ఉన్నాడు. చిన్న తలలు నాలుగూ ఏదో సారా బారు గోడకి పనికొస్తాయి, తలా పదిహేను డాలర్లన్నాడు. ఎల్క్ దగ్గర ఆగి కొమ్ము తట్టాడు.

"దీనికి కొమ్ముల తూకానికే ధర అమ్మగారూ. ముక్కలు కోసి కుక్కలు నమలడానికి అమ్ముతారు. తల మీరే ఉంచుకోండి."

"కొమ్ముల్లేని తల నేనేం చేసుకోను? టోపీ పెట్టనా?"

"పారేయండి. ముక్కు దగ్గర తోలు పగిలింది కూడా. చేయించినప్పుడు బోలెడు డబ్బు పోసుంటారు గానీ, ఒకరి వేట ఇంకొకరికి దేనికండీ?"

చిన్నవి తీసుకుపొమ్మంది వెర్నా. ఎల్క్ సంగతి ఆదివారం చెబుతానంది. ఆదివారం సాయంత్రం ఇంటి తాళాలు కొత్తవాళ్ళకి ఇచ్చేయాలి. వాడు వెళ్ళాక, "కుక్కల నోట్లోకి మాత్రం వద్దు," అంది నాతో. ఆమె నోట అంతమాట వచ్చిందంటే బతిమాలుకున్నట్టే.

మా ఊరి మిల్లు మూసిన ఏడాది నాకు తొమ్మిదేళ్ళు. మా వీధిలో ఏడిళ్ళకు జీతం లేదు. నవంబరులో ఒక పొద్దున తలుపు తీస్తే మెట్ల మీది మంచులో, కాగితంలో చుట్టిన ఎల్క్ మాంసం పొట్లాలు. ఏడిళ్ళ ముందూ ఆర్లెన్ ట్రక్కు చక్రాల జాడలు. మా వైపు అలాంటిదానికి గుమ్మమెక్కి థాంక్స్ చెబితే ఇచ్చినవాళ్ళు సిగ్గుతో చస్తారు. మా అమ్మ చోక్‌చెర్రీ పళ్ళ జెల్లీ సీసా వాళ్ళ వరండాలో పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేసింది. ఆ చలికాలం మేం ఒక్కపూట కూడా పస్తు ఉండలేదు. వెర్నా గోడ మీదిది ఆ దుప్పి తలే.

అగ్నిమాపక సంఘం పెద్ద డ్వేన్‌కి చెప్పాను. వాడిదీ ఆ ఏడిళ్ళలో ఒకటి.

"ఆ మాంసం తినే కదరా ఈ బొజ్జ! కుక్కలకా? మన సంఘం హాలుంది."

శనివారం సంఘంవాళ్ళు ఎల్క్ తలను దుప్పట్లో చుట్టి, పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని హాలుకి తెచ్చారు. ఆదివారం పొద్దున పాన్‌కేకుల విందుకి ఊరంతా వచ్చింది. ఇత్తడి రేకు మీద 'ఆర్లెన్ టాలెఫ్సన్. ఏడిళ్ళ ఆకలి తీర్చాడు' అని చెక్కించారు. వెర్నా ముఖంలో వారం రోజుల బరువు దిగింది. "మంచి చోటు చూశారు. సంతోషం," అంది.

డ్వేన్ టోపీ తీశాడు. "ఆర్లెన్, నలభై ఏళ్ళు నోరు మూసుకున్నాం. ఇప్పుడు చెబుతున్నాం, నీ చేతికి దండం." మార్విస్ ముక్కు చీదింది. నేనూ చీదాను.

రేకు బిగించడానికి తలను తిప్పితే, వెనక చెక్కకు పాత వేట చీటీ అంటించి ఉంది, మనిషికి ఒక్క దుప్పిని కాల్చుకోమని సర్కారు ఇచ్చేది. దాని మీద వెర్నా పేరు.

"చూశారా!" డ్వేన్ పడీపడీ నవ్వాడు. "పెళ్ళాం చీటీ, మొగుడి తూటా! మా నాన్నలూ ఇంతే, పెళ్ళాల పేర చీటీ తీసి తామే కాల్చే దొంగవెధవలు!"

హాలంతా నవ్వింది. వెర్నా పాన్‌కేకు కోస్తూ తలెత్తింది.

"కాల్చింది నేను. ఆర్లెన్ ట్రక్కులో గురక పెడుతున్నాడు."