గడ్డి ఒరిగిన చోట

మోకాళ్ళ మీద వంగి ముందు తల దూర్చాడు, తరువాత కుడి భుజం. రంగుల పెట్టెను లోపలికి తోసి చివరగా కాళ్ళు లాక్కున్నాడు. చెప్పులు బయటే, తలుపు ముందు, విడిచినవి విడిచినట్టే ఉన్నాయి. అద్దాల గదికి వెనకవైపున్న ఆ తలుపు నిలువెత్తు మనిషి కోసం పెట్టింది కాదు. పిల్లుల కోసం కట్టి, తరువాత జీతాలిచ్చి మనుషుల్ని పంపిస్తున్నారని వాచ్‌మన్ నవ్వుతుంటాడు.

లోపల నేలంతా ప్లాస్టరు, దాని మీద రంగు పూసి అతికించిన ఎండుటాకులు. చెప్పులతో తొక్కితే ఆకులు నలుగుతాయని పని నేర్పినాయన చెప్పాడు. అతను విడిచేది మాత్రం వేరే కారణంతో. మండుతున్న పొద దగ్గర ఒకాయన్ని దేవుడు చెప్పులు విప్పమన్నాడని చిన్నప్పుడు ఆదివారపు బడిలో విన్నాడు. ఆ పొద ఎక్కడ ఉంటుందో ముందుగా తెలియదు కాబట్టి, ఆకులున్న ప్రతి చోటా విప్పడమే మంచిదని అప్పుడే అనుకున్నాడు.

మ్యూజియంలో అందరూ అతన్ని గోడాయన అంటారు. అడవుల్లోనో, జంతుశాలల్లోనో చనిపోయిన జంతువుల తోళ్ళు ఇక్కడికి వస్తాయి. వాటిని అచ్చులకు తొడిగి, కుట్టి, గాజు కళ్ళు పెట్టి నిలబెట్టేది కుట్టుపనామె. నిలబడ్డ జంతువు వెనక వంపు తిరిగిన గోడ మీద దాని అడవిని వేసి ఇచ్చేది గోడాయన. హాల్లో వరసగా ఉన్న అద్దాల గదులన్నిటిలో కొండలూ వాగులూ మబ్బులూ అతనివే. ఏ గోడ మీదా అతని పేరు లేదు. రాసుకోమని ఎవరూ అనలేదు, అతనికీ తోచలేదు.

ఇవాళ్టి గదిలో ఒక లేడి ఉంది. ముందుకాలు ఒకటి ఎత్తి, మెడ వెనక్కి తిప్పి చూస్తోంది. రేపు పొద్దున అద్దం అంచులు బిగించేవాళ్ళు వచ్చి దీన్ని మూసేస్తారు. చిన్న తలుపు సందులకు కూడా జిగురు పట్టిస్తారు, పురుగులు దూరకుండా. ఆ తరువాత ఇందులోకి ఎవరూ రారు.

"రాత్రంతా చెయ్యి లాగుతోందన్నారు. ఈ పూటకి మానెయ్యకూడదూ?" అంది పొద్దున భార్య.

"రేపు మూసేస్తారే. ఇవాళ ఒక్కరోజు."

"మీరు రోజూ ఒక్కరోజే అంటారు."

అతను ఎడమ భుజం నొక్కుకున్నాడు. వారం నుంచీ చెయ్యి ఎత్తి ఆకులు వేస్తున్నాడు, పట్టేసి ఉంటుంది. పొడి కుంచె ఒకటి తీసుకుని, దాన్ని రెండు అరచేతుల మధ్య పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. అతని ప్రార్థన అంతే. మాటలు పెద్దగా ఉండవు. పాస్టరు గారు ఒకసారి చర్చి గోడ మీద కాపరి బొమ్మ వెయ్యమన్నారు. "నాకు మనుషుల ముఖాలు రావండీ, ఆకులొస్తాయి," అన్నాడు. మరి ఆకుల్లో ఏముందయ్యా అని ఆయన అడిగారు. "పలక మీద పంతులుగారు పెద్ద అక్షరం రాసిస్తారు చూడండి, దాని మీదే పిల్లలు దిద్దుతారు. పైనున్నాయన రాసేశాడు. నేను దిద్దుకుంటున్నాను," అన్నాడు.

పాస్టరు గారు నవ్వి, అతని భుజం తట్టి, ఆ గోడకు సున్నం వేయించారు.

ముందువైపు అద్దం మీద ఎవరో తట్టారు. గోడాయన వెంటనే తిరిగాడు. అమ్మ చెయ్యి పట్టుకున్న ఒక పాప కెవ్వుమని, తరువాత పకపకా నవ్వింది. "చెప్పానా, మనిషే!" అంది. అతను కుంచె ఊపాడు.

ఒకప్పుడు అతను తిరిగేవాడు కాదు. పిల్లలు తట్టినప్పుడల్లా చెయ్యి ఎత్తినవాడు ఎత్తినట్టే, రెప్ప వెయ్యకుండా బిగుసుకుపోయేవాడు. బొమ్మా, మనిషా అని వాళ్ళు బయట వాదులాడుకుంటుంటే అతనికి భలే సరదాగా ఉండేది. ఒక మధ్యాహ్నం అలాగే తట్టారు. బిగుసుకుపోయాడు. మళ్ళీ తట్టారు. లోపల్లోపల నవ్వుకుంటూ ఇంకాస్త బిగుసుకున్నాడు. తట్టడం ఆగిపోయాక తిరిగి చూస్తే అద్దానికి నుదురు ఆనించి బావమరిది నిలబడి ఉన్నాడు. ఇంట్లో అతని పాపకు జ్వరం తలకెక్కిందని, నాన్నా నాన్నా అంటోందని చెప్పడానికి పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ పరుగెత్తారు. వీధి మలుపు దగ్గరే ఇంట్లోంచి ఏడుపు వినబడింది.

ఆ కాసేపు ఆలస్యం వల్ల తేడా ఏమీ లేదని డాక్టరు చెప్పాడు. బావమరిదీ చెప్పాడు. భార్య ఏమీ చెప్పలేదు, ఏమీ అడగలేదు. అప్పటినుంచి అద్దం మీద వేలు పడితే చాలు, అతని మెడ దానంతటదే తిరుగుతుంది. ఈ మధ్య హాల్లో ఎవరూ లేనప్పుడు కూడా తిరుగుతోంది.

ఎండ కాస్త ఎక్కాక డైరెక్టరమ్మ వచ్చింది. నెమ్మదైన మనిషి. అద్దం ముందు చాలాసేపు నిలబడి, వెనక్కి వచ్చి చిన్న తలుపు దగ్గర గొంతుక్కూర్చుంది.

"ఆకాశం చూస్తుంటే వాన వాసనొస్తోందండీ. ఒక్క మాటే. ఆ దారి..."

లేడి వెనక, గడ్డి మధ్యలోంచి సన్నటి మట్టిదారి ఒకటి చెట్లలోకి వెళ్తోంది.

"జంతువులకీ దారులుంటాయమ్మా."

"ఉంటాయి. మీరు వేసింది మాత్రం చెప్పులేసుకుని నడిచే దారిలా ఉంది. ఆ అడవిలోకి మనుషులు వెళ్ళరు. బడిపిల్లలు చూసి ఇంకోలా అనుకుంటారు. ఈ ఒక్కటీ దిద్దండి, మిగతాదంతా అలాగే ఉంచేద్దాం."

ఆమె వెళ్ళాక అతను దారి వంక చూశాడు. ఆమె అన్నది నిజమే. అది చెప్పుల కాళ్ళ దారి. చిన్న చెప్పులు.

సెలవు రోజుల్లో పాప అతనితో వచ్చేది. లోపలికి రానిచ్చేవాడు కాదు, ఆకులు పాడవుతాయని. తలుపు బయట గోడకు ఆనుకుని కూర్చుని పలక మీద అక్షరాలు దిద్దుకునేది. విసుగెత్తితే అతని చెప్పుల్ని తిప్పి పెట్టేది. లోపలికి వెళ్ళేటప్పుడు అవి తలుపు వైపు ముఖం పెట్టి ఉంటాయి కదా, బయటికి రాగానే నేరుగా కాళ్ళు దూర్చుకునేలా హాలు వైపు తిప్పి, పక్కపక్కన సర్ది, తలుపు మీద కింద ఎక్కడో చిన్న వేళ్ళతో తట్టేది. "నాన్నా, చెప్పులు రెడీ!" అంటే ఇంక ఇంటికి వెళ్దామని అర్థం.

ఒక సాయంత్రం జంతువుల్ని చూస్తూ అడిగింది. "తలుపులేసేశాక ఇవి ఇంటికెలా వెళ్తాయి?" ఆ రోజు వేస్తున్న గోడ మీద దాని ముచ్చట కోసం ఒక దారి గీశాడు. పాప పోయాక వేసిన ప్రతి గోడ మీదా ఎక్కడో అక్కడ ఒక దారి పడుతూనే వచ్చింది. రాళ్ళ వెనక సగం, పొదల కింద సగం. ఎవరి కంటా పడలేదు. ఈసారి లేడి అలా వెనక్కి తిరిగి చూస్తుంటే, చెయ్యి ఆగక, దారి బాగా కనబడిపోయింది.

జంతువులకు పునరుత్థానం ఉందా అని పాస్టరు గారిని అడిగాడు ఒకసారి. మనకు చెప్పబడలేదు అన్నారాయన. లేదని కూడా చెప్పలేదుగా అనుకుని ఇంటికొచ్చాడు.

మధ్యాహ్నం కుట్టుపనామె గదిలో, సూదులూ దారపు ఉండలూ పక్కకు నెట్టి, ఇద్దరూ భోజనం డబ్బాలు విప్పుకున్నారు.

"అన్నయ్యా, నా గోడెవడికి చెప్పుకోను? వచ్చినవాళ్ళంతా నీ మబ్బుల్ని చూసి అబ్బబ్బ అంటారు. ఆ లేడి తొడ దగ్గర కుట్టు కనబడకుండా చెయ్యడానికి నా కళ్ళు పోయాయి. ఒక్కడూ దాని వెనక్కాలు బాగుందనడు."

"నేనంటున్నాగా."

"నువ్వంటే లెక్కలోకి రాదు. నువ్వు బల్లిని చూసినా స్తోత్రం అంటావు."

అతను నవ్వబోయి ఆగి, రొమ్ము మీద అరచెయ్యి పెట్టుకున్నాడు.

"ఏమైంది?"

"ఏం లేదు చెల్లెమ్మా. గ్యాస్."

"ముఖం సున్నం కొట్టినట్టుంది. ఇంటికి పో అన్నయ్యా. వదినకి ఫోన్ చెయ్యనా?"

"దాన్ని కంగారు పెట్టకు. గడ్డి వేసేసి పోతా."

తిరిగి లోపలికి దూరేసరికి చెమట పట్టింది. లేడి పక్కన ప్లాస్టరు రాయి మీద కూర్చుని, పచ్చరంగులో కాస్త మట్టిరంగు కలిపాడు. డైరెక్టరమ్మ దిద్దమంది. చెరిపెయ్యమని ఆమె ఉద్దేశం. కానీ ఆ మాట వినగానే అతనికి పలక కనబడింది, బలపం పట్టుకున్న వేళ్ళు కనబడ్డాయి. రాసిన అక్షరం మీదే మళ్ళీ, మళ్ళీ, లావెక్కిపోయేదాకా.

కింద నుంచి మొదలుపెట్టి దారి మీద గడ్డి వెయ్యసాగాడు. ఒక్కో పోచా విడిగా. మట్టి మెల్లగా మునిగిపోయింది. గుండెలో ఏదో బిగిసింది, అది నొప్పో కాదో తేల్చుకోలేదు. అన్నిచోట్లా గడ్డి నిటారుగా వేశాడు. దారి ఉన్నచోట మాత్రం పోచలు ఒరిగాయి. కుడివైపువి కుడికి, ఎడమవైపువి ఎడమకి. ఏనుగులు తొక్కినట్టు కాదు, గాలి వంచినట్టూ కాదు. చిన్న ఒళ్ళు ఒకటి చేతుల్తో గడ్డిని పక్కకి నెట్టుకుంటూ ఇప్పుడే వెళ్ళి, గడ్డి ఇంకా లేవకముందు ఎలా ఉంటుందో అలా. మోకాలి ఎత్తున కాస్త ఎక్కువగా, పైకి వచ్చేకొద్దీ తక్కువగా. చెట్ల దాకా అలాగే తీసుకువెళ్ళాడు.

తట్టిన చప్పుడు. తిరిగాడు. హాలు ఖాళీగా ఉంది. ఎదురు గదిలో గుడ్లగూబ గాజు కళ్ళతో అతని వంకే చూస్తోంది.

సాయంత్రం డైరెక్టరమ్మ మళ్ళీ వచ్చి అద్దం అవతల నిలబడింది. దారి ఉన్నచోటు వెతికింది. కనబడలేదు. ముఖం విప్పారింది. అద్దానికి దగ్గరగా వచ్చి గట్టిగా అంది. "సరిగ్గా దిద్దారు. గడ్డి ఎంత బాగుందో! గాలి వీస్తున్నట్టుంది."

అతను చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఎడమ చెయ్యి పూర్తిగా లేవలేదు.

ఆమె అడుగుల చప్పుడు దూరమైంది. కుంచె కడగాలి అనుకున్నాడు. రాయి మీంచి లేవాలనిపించలేదు. గోడ మీద వానకు ముందుండే వెలుతురు. దేవుడు తను చేసినవన్నీ చూసి బాగున్నాయన్నాడట. పాపను కూడా చూసే అన్నాడా అని అతను ఇన్నేళ్ళూ అడగలేదు. అడిగితే జవాబు వస్తుందేమోనని భయం. ఇప్పుడు ఆ ఒరిగిన గడ్డిని చూస్తూ, లోపల్లోపల, అడిగాడు.

తట్టిన చప్పుడు మళ్ళీ వచ్చింది. మెడ అద్దం వైపు తిరగబోయి ఆగింది. చప్పుడు అద్దం మీంచి కాదు. వెనక నుంచి. చిన్న తలుపు మీద, బాగా కింద, చిన్న వేళ్ళతో.

"వస్తున్నా తల్లీ," అన్నాడు.

హాల్లో దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ వచ్చిన వాచ్‌మన్ లేడి గది ముందు ఆగాడు. గోడాయన రాయి మీద కూర్చుని, లేడి ఒంటికి కాస్త ఆనుకుని, గోడ వైపు చూస్తున్నాడు. కుంచె మోకాలి మీద ఉంది.

"ఏం బావా, లేడిని కూడా ఇంటికి తీసుకుపోతావా ఏంటి? అక్క ఒప్పుకోదు!" అని ఎప్పటిలా వరస కలిపి పరాచికమాడుతూ అద్దం మీద తట్టాడు.

ఎప్పుడు తట్టినా తిరిగే మనిషి తిరగలేదు.

"బావా."

వాచ్‌మన్ కేకకు కుట్టుపనామె సూది చేతిలో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. అతన్ని ఆ ఇరుకు తలుపులోంచి బయటికి తీసుకురావడం చాలా కష్టమైంది. ఆకులు నలగకుండా జాగ్రత్త అని ఆమె ఏడుస్తూనే ఎందుకో అంటూ వచ్చింది.

మర్నాడు అద్దం బిగించేవాళ్ళను డైరెక్టరమ్మ వెనక్కి పంపేసింది. ఖననం అయ్యాక మళ్ళీ పిలిపించింది. వాళ్ళు వచ్చిన పూట అతని భార్య కూడా వచ్చింది. కుట్టుపనామె కుంచెలు కడిగి, రంగుల పెట్టెలో సర్ది ఉంచింది. భార్య హాల్లో అద్దం ముందు నిలబడి గోడ వంక చూసింది. గడ్డి దగ్గర ఆమె చూపు ఆగింది, తరువాత నెమ్మదిగా చెట్ల దాకా వెళ్ళింది. 

పెట్టె తీసుకోవడానికి వెనక్కి వచ్చి, చిన్న తలుపు దగ్గర వంగింది. వంగినది అలాగే ఉండిపోయింది.

"ఇవి నువ్వు తిప్పావా అమ్మా?"

"నేను ముట్టుకోలేదు వదినా. ఆ సాయంత్రం మేమొచ్చేసరికే అలా ఉన్నాయి. వాటిని దాటుకుంటూనే అన్నయ్యని తీసుకొచ్చాం."

వాచ్‌మన్ తల అడ్డంగా ఊపాడు.

"సంచిలో పెట్టివ్వనా?" అంది కుట్టుపనామె.

"వద్దు. ఉండనీ."

జిగురు పట్టించినవాళ్ళు వాటిని కదపకుండా పక్కనుంచి పని చేసుకుని వెళ్ళిపోయారు. మూసేసిన తలుపు ముందు అతని చెప్పులు, మడమ దగ్గర అరిగినవి, ఒక పట్టీ మీద ఎండిన పచ్చరంగు చుక్కతో, హాలు వైపు ముఖం తిప్పి, పక్కపక్కన సర్ది ఉన్నాయి.