నోరు మూసుకుని చెప్పిన పాఠం

మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనొక్కదాన్నే. అందుకని మాట్లాడాల్సిన చోటుకల్లా నన్నే ముందుకు తోసేవారు. బ్యాంకులో మేనేజరుతో నేనే, ఆస్పత్రిలో డాక్టరుతో నేనే. "ఎక్కడమ్మా నొప్పి?" అని డాక్టరు అమ్మని అడిగితే "మోకాలండీ, ఎడమది" అని నేను చెప్పేదాన్ని. నొప్పి నాకే వచ్చినట్టు అమ్మ నావంక జాలిగా చూసేది.

యూనివర్సిటీలో రెండో ఏడాది చదువుతుండగా, విదేశంలో ఒక బడివాళ్లు తెలుగు నేర్పడానికి సహాయకులు కావాలని ప్రకటించారు. ఏడాదిపాటు అక్కడ ఉండి, టీచరు పక్కన నిలబడి పిల్లలచేత మాట్లాడించాలి. తిరిగొచ్చాక చదువు పూర్తి చేసుకోవచ్చు. ఆ ప్రకటన చదివిన దగ్గరనుంచి నాకు వేరే ధ్యాస లేదు. మా వీధి చివర బస్సెక్కడమే నాకు పెద్ద ప్రయాణం. అలాంటిది, నాకు బాగా వచ్చిన ఒకే ఒక్క విషయం కోసం ఎవరో సముద్రం అవతలికి పిలుస్తున్నారు!

దరఖాస్తుతోపాటు, తెలుగు రాని మనిషికి పాఠం చెబుతూ తీసిన వీడియో పంపాలన్నారు. అలాంటి మనిషి మా క్లాసులోనే ఉంది. వేరే దేశంనుంచి చదువుకోవడానికి వచ్చిన అమ్మాయి. ఎవరేమన్నా చివరి మాట తిరిగి అంటుందని అందరం చిలక అని పిలిచేవాళ్లం. అడగ్గానే ఒప్పుకుంది. ఖాళీ క్లాసులో బోర్డు ముందు రంగులు, పైన, కింద, కావాలి, వద్దు లాంటి మాటలు నేర్పుతూ వీడియో తీసి, మా తెలుగు మేడమ్‌కి చూపించాను.

ఆవిడ ఫోను బల్లమీద పెట్టి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"పాఠం బానే ఉందమ్మా. ఆ పిల్లేది?"

"పక్కనే ఉంది కదా మేడమ్."

"ఉంది, బొమ్మలాగ. నువ్వే అడిగావు, నువ్వే జవాబు చెప్పావు, నువ్వే శభాష్ అన్నావు. ఎవరికమ్మా ఆ శభాష్?"

నాకు తల కొట్టేసినట్టయింది. మళ్లీ వేసి చూస్తే ఆవిడన్నది నిజమే. చిలక నోరు తెరవబోయినప్పుడల్లా నేనే అందుకుంటున్నాను. ఇంకోసారి తీశాం. మళ్లీ అదే తంతు. "నాకు గుర్తొచ్చేలోపు నువ్వు చెప్పేస్తావు" అని చిలక ఇంగ్లీషులో మెత్తగా అంది. గడువు మర్నాటితో ముగుస్తుంది. ఇంక ఈ ఉద్యోగం నాకు రాసిపెట్టి లేదనుకున్నాను.

మర్నాడు సాయంత్రం చిలక ఏదో పాటల కార్యక్రమంలో పాడాలి. జుట్టు ముడి వేయించుకోవడానికి మా అమ్మ పార్లరుకి వచ్చింది. పార్లరంటే వీధిలోకి తెరుచుకునే ఒక్క గది, రెండు కుర్చీలు, గోడ పొడుగునా అద్దం. ముడి వేసేటప్పుడు అమ్మ రెండు చేతులూ జుట్టులోనే ఉంటాయి. చెయ్యి చాచగానే పిన్ను అందాలి. అందుకని పిన్నులన్నీ పళ్లమధ్య పట్టుకుని పక్కన నిలబడటం చిన్నప్పటినుంచీ నా పని. పార్లరులో అమ్మకి సాయం చేసే మా మేనత్త ఫోను పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"ఈ ముడి నాకెప్పుడూ కుదరదు వదినా. తీసిపెట్టుకుంటా, ఆగు."

"తియ్యి, నా మొహం పడకుండా తియ్యి" అంటూ అమ్మ దువ్వెన అందుకుంది. "ఏమ్మా, ముడి పైకా, కిందకా?"

చిలక అద్దంలో నావంక చూసింది. చెబుదామంటే నా నోటినిండా పిన్నులు. "ఊఁ, ఊఁ" అన్నాను.

"నువ్వుండవే, మింగేస్తావు! నీ తలా ఇది? ఆ పిల్లని చెప్పనీ. పైకేనా?"

"పైకేనా" అంది చిలక, అలవాటుగా.

అమ్మ జుట్టంతా నడినెత్తికి లాగి చుట్టింది. బోర్లించిన గిన్నెలా ఉంది. చిలక బెంబేలెత్తిపోయి మళ్లీ నావంక చూసింది. నేను అరచెయ్యి మెల్లగా కిందికి దించి, కనుబొమ్మలెగరేసి, ఆగాను.

"కింద" అంది చిలక.

చెయ్యి ఇంకొంచెం దించాను.

"ఇంకా కింద!"

"అలా చెప్పమ్మా మరి, నాకేం తెలుసు!" అంది అమ్మ.

అప్పుడు నాకు వెలిగింది. నేను చెప్పాల్సిన పాఠం నడుస్తోంది! ఎర్ర క్లిప్పు ఎత్తి చూపించాను. "వద్దు" అంది. పచ్చది ఎత్తాను. "అది కూడా వద్దు." నీలం క్లిప్పు చూపించి మళ్లీ డ్రాయర్లో వెయ్యబోతే కుర్చీలోంచి సగం లేచింది. "అది కావాలి! నీలం కావాలి! ఇవ్వు!" ఈలోగా అమ్మ పిన్ను కాస్త గట్టిగా దిగింది.

"అబ్బా! మెల్లగా ఆంటీ!"

"ఆ అబ్బా ఎవరు నేర్పారే దీనికి?" అని అత్త పడీపడీ నవ్వింది. ఫోను ఊగిపోయింది.

ఆ రాత్రే అత్త తీసిన ఆ వీడియో పంపాను.

"నేనిందులో ఒక్క మాటా మాట్లాడలేదు కదత్తా?"

"అందుకే బాగుంది కోడలా."

కొద్దివారాల తరవాత ఆ బడి ప్రధానోపాధ్యాయురాలు వీడియో కాల్‌లో మాట్లాడారు. "మీ పాఠం అందరికంటే వేరుగా ఉంది. పిల్లచేత మాట్లాడించడానికి మీరు కావాలనే మౌనంగా ఉన్నారు కదూ? గొప్ప ఆలోచన" అన్నారు.

అవునంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"కాదండీ. మొదట్లో నోట్లో పిన్నులుండి మాట్లాడలేకపోయాను. ఊరుకుంటే తను మాట్లాడుతుందని సగంలో తెలిసింది."

ఆవిడ నవ్వలేదు. తెర దగ్గరికి వంగారు. "మా దగ్గర పిన్నులుండవు మరి. ఊరుకోగలరా?"

గబుక్కున చెప్పబోయి, ఆగాను. "కష్టమేనండీ. కానీ నేర్చుకుంటాను" అన్నాను. అప్పుడు నవ్వారు, పగలబడి.

కబురు పార్లరులో ఉండగా వచ్చింది. ఫోను చూసి నేను కొయ్యబారిపోతే, అమ్మ కత్తెర ఆపేసింది.

"ఏమంటారే?"

"రమ్మన్నారమ్మా."

అమ్మ కత్తెర పక్కన పడేసి నన్ను వాటేసుకుంది. అత్త మమ్మల్నిద్దర్నీ కలిపి వాటేసుకుంది. ముగ్గురం ఏడుస్తున్నామో నవ్వుతున్నామో మాకే తెలియలేదు. కుర్చీలో కూర్చున్న పక్కవీధి టైలరమ్మ సగం తలతో వెనక్కి తిరిగింది.

"చల్లగా వెళ్లిరా తల్లీ. ఏమ్మా, ఈలోపు నా రెండో వైపు కూడా కత్తిరిస్తావా, ఇలాగే పంపిస్తావా?"

అమ్మ కళ్లు తుడుచుకుంటూనే రెండో వైపు అందుకుంది. జుట్టు చెప్పినదానికంటే బాగా పొట్టిగా వచ్చింది. టైలరమ్మ అద్దంలో అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"పోనీలే, సంతోషంలో కత్తిరించావు" అంది.