రుద్దని రాయి

బాలస్వామి వినాయకుడి బొజ్జ మీద నీళ్లు చల్లి, గరుకు కాగితం మడిచి మళ్లీ రుద్దసాగాడు. సాయంత్రానికి విగ్రహం నంద్యాల వెళ్లాలి. ఆళ్లగడ్డ శిల్పశాలలో ముప్పై ఐదేళ్లుగా ఆయన పని ఇదే. చెక్కినవాళ్లకు పేరొచ్చింది, మెరుగుపెట్టిన ఈయనకు దగ్గొచ్చింది. ఆదివారం చర్చిలో వెనక వరుసలో కూర్చుంటాడు, సోమవారం దేవుళ్లకు నునుపు తెస్తాడు. అందులో ఆయనకు తిరకాసేమీ కనిపించలేదు. వేలిముద్రలు అరిగిపోయి, రేషన్ మిషన్ ఆయన్ని గుర్తుపట్టడం ఏనాడో మానేసింది.

రాయి కనిపిస్తే ఆయన చెయ్యి ఊరుకోదు. తప్పు అక్కడే జరిగింది. నిన్న మనవరాలు ఏంజెల్ ఊరి పక్కన పారే వంకలో ఏరిన గులకరాయి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. నాలుగేళ్ల పిల్ల, ఇచ్చేందుకు ఇంకేముంటుంది? ఆయన పొంగిపోయాడు. టీ వేళ కూర్చుని దాన్ని అద్దంలా చేశాడు.

మధ్యాహ్నం కూతురు ప్రమీల అన్నం తెచ్చింది. వెనకే ఏంజెల్.

“తాతా, నా రాయి యాడ?”

“ఇదో, ఎట్ల మెరుస్తాందో చూడు.”

పిల్ల అటూ ఇటూ తిప్పి చూసింది. “ఇది నాది గాదు. నాదానికి మట్టి ఉండె.” ఏడుపు లంకించుకుంది.

ఇన్నేళ్లలో ఆయన మెరుగుకు వంక పెట్టినవాళ్లు లేరు. మనసు చివుక్కుమంది. క్యారియర్ మూతైనా తీయకుండా పిల్లను చంకనెత్తుకుని వంకకు బయలుదేరాడు.

“తొందరగా రాన్నా, లారీ వస్తాంది!” యజమాని జనార్దనం వెనకనుంచి అరిచాడు.

దగ్గుతూ, దారిలో రెండుసార్లు ఆగాడు. వంకలో ఏంజెల్ చాలాసేపు వెతికి, మట్టీ గడ్డిపోచా అంటుకున్న వంకర రాయి ఒకటి ఏరి ఇచ్చింది.

“దీన్ని రుద్దాకు తాతా.”

“రుద్దన్లేమ్మా.”

తిరిగొచ్చి దాన్ని తన పీట పక్కన, తడి తగలని చోట పెట్టుకున్నాడు. ఆ పూట చెయ్యి మూడుసార్లు దాని దాకా వెళ్లి వెనక్కొచ్చింది. నాలుగింటికి బొజ్జ పని ముగిసింది. ఆయన గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. విగ్రహాన్ని లారీ ఎక్కించాక, టీ తాగమని జనార్దనం భుజం తట్టేదాకా ఆయన పోయాడని ఎవరికీ తెలియలేదు.

సమాధి చేసిన మర్నాడు తండ్రి సామాన్లు తీసుకుపోవడానికి ప్రమీల వచ్చింది. తల్లి కొంగు పట్టుకుని వచ్చిన ఏంజెల్ పీట పక్కన కూర్చుని రాయిని తిప్పి తిప్పి చూసింది.

“మా, తాత రుద్దలేదు.”

మట్టి అలాగే ఉంది. దానికంటిన గడ్డిపోచ మాత్రం ఎండిపోయింది.