కుడిచెయ్యి ఎత్తిన పాప

చంద్రమోహన్ సారు ఏ ప్రశ్న అడిగినా నాలుగో తరగతిలో ముప్పై చేతులూ లేచేవి. ఎదురుగా ఉన్న వంటపాకలో పప్పు కడుగుతూ కిటికీలోంచి అది చూసినప్పుడల్లా కళావతికి కడుపు చల్లబడేది. ఆ ముప్పైలో తన కూతురు మల్లిక చెయ్యి కూడా ఉంది మరి.

ఊళ్లో సర్కారు బడి ఇంగ్లీషు మీడియం అయినప్పటి నుంచి ఆమెకు ఒకటే దిగులు. తాను ఏడో తరగతి సగంలో పుస్తకాలు మూసి, నాయన వెంట ధర్మవరం మగ్గాల పనికి పోయిన మనిషి. మొగుడు గంగాధర హిందూపురం ఫ్యాక్టరీకి తెల్లారకముందే బస్సెక్కేవాడు. పిల్ల పుస్తకం తెరిచి కూర్చుంటే దాంట్లో ఏముందో చెప్పే దిక్కు ఇంట్లో లేదు. అది గనక వెనకబడితే వరండాలో కూర్చోబెడతారు.

వరండా అంటే సపోర్టు గ్రూపు. ఇంగ్లీషు అందుకోలేని పిల్లలకు విడిగా చెప్పిస్తామని మొదలుపెట్టారు. చెప్పడానికి వచ్చిన అమ్మాయి దసరాకు ఊరికి పోయి మళ్లీ రాలేదు. అప్పటి నుంచి ఆ ఏడుగురూ చేటలు ముందు పెట్టుకుని మధ్యాహ్నం వంటకు బియ్యంలో రాళ్లు ఏరుతున్నారు. ఆ చేటలు ఇచ్చేది కళావతే. వరండాలోకి వచ్చిన పిల్ల మళ్లీ తరగతిలోకి పోవడం ఆమె చూడలేదు.

ఒక్క సంగతి మాత్రం ఆమెకు అంతుబట్టలేదు. ఎన్నిసార్లు చెయ్యి ఎత్తినా మల్లికను సారు లేపడు. లేచేది ఎప్పుడూ వాణి, ఇంకో అయిదుగురే. ఒకరోజు జడ వేస్తూ అడిగితే పిల్ల ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"తెలిసినోళ్లు కుడిచెయ్యి ఎత్తల్ల మా. తెలీనోళ్లు ఎడంచెయ్యి. ఎడంచెయ్యి వాళ్లని సారు అడగడు."

"నువ్వే చెయ్యి ఎత్తుతాండావు?"

"ఎడందే. ఎప్పుడూ."

కళావతి మిగిలిన జడ బిగించి అల్లింది.

తోటి వంటామె అంజినమ్మకు చెప్పుకుంటే ఆమె పొయ్యిలో కట్టె ఎగదోస్తూ నవ్వింది. "చూసేకి వచ్చేటోళ్లకు చేతులు కావల్ల గానీ తలకాయలెందుకమ్మే? పిల్ల లోపలే కూచోనుండాది గదా. నోరు మూసుకోని ఉండు."

కళావతి ఉండలేకపోయింది. జిల్లా నుంచి తనిఖీకి మేడం వస్తుందనీ, ఎవరు లోపలో ఎవరు వరండానో ఆ రోజే తేలుతుందనీ విన్నది. మేడం ముందు ఒక్కసారి నోరు విప్పి జవాబు చెబితే చాలు, మల్లికను ఎవరూ కదిలించరనుకుంది. సారు వారం రోజులుగా ఆరు ప్రశ్నలే తిప్పి తిప్పి చెప్పిస్తున్నాడు. గిన్నెలు తోముతూ తోముతూ వాటిలో ఒకదాని జవాబు ఆమెకు నోటికొచ్చేసింది. దాన్నే మల్లికకు పట్టించింది. జడ వేసేటప్పుడు, నీళ్లు పోసేటప్పుడు, బడిదారిలో. మై ఫేవరెట్ ఫ్రూట్ ఈజ్ మ్యాంగో.

"ఆ ప్రశ్న వస్తే కుడిచెయ్యి ఎత్తు. భయపడొద్దు. ఈడనే ఉంటా నేను."

మేడం వచ్చింది. కళావతి టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని గడప దగ్గర నిలబడింది. రెండో ప్రశ్నకే మామిడిపండు వచ్చింది. ముప్పై చేతులు లేచాయి. మల్లిక కుడిచెయ్యి చూసి సారు కనుబొమ్మలు ముడిచి, వాణీ అని పిలవబోయాడు. అంతలో మేడమే మల్లికను చూపించింది.

మల్లిక గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మేడం వెరీ గుడ్ అంది. కళావతి కళ్లలో నీళ్లు తిరిగాయి.

మేడం అక్కడితో వదల్లేదు. ఎందుకిష్టమని ఇంగ్లీషులోనే అడిగింది. మల్లిక మళ్లీ మ్యాంగో అంది. మీ అమ్మ ఏం పని చేస్తుందని అడిగింది. మల్లిక ఇంకాస్త గట్టిగా మ్యాంగో అంది. తరగతి గొల్లున నవ్వింది. ఎడంచేతుల వాళ్లే ఎక్కువ నవ్వారు.

మేడం తెలుగులోకి దిగి, అర్థం కానప్పుడు చెయ్యెందుకు ఎత్తావని మెత్తగానే అడిగింది.

"మా అమ్మ ఈసారి కుడిచెయ్యి ఎత్తమన్నాది మేడం. ఎడంచెయ్యి ఎత్తితే సారు అడగడంట."

మేడం సారు వంక చూసింది. సారు గడప వంక చూశాడు.

"ఏమ్మా కళావతీ, నువ్వు చెప్పినావా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. కానీ ఆమెను వంట పనిలో ఉంచేదీ తీసేసేదీ ఆ నోరే. పనికోసం ముగ్గురు ఆడవాళ్లు అప్పటికే సారు ఇంటి చుట్టూ తిరుగుతున్నారు.

"లేదు సార్. అట్లెందుకు చెప్తా? ఇది నోరు తెరిస్తే అబద్ధమే."

అన్నాక, ఆ మాట చాలదనిపించింది. పళ్లెం కింద పెట్టి వచ్చి మల్లిక చెంప మీద కొట్టింది. పిల్ల ఏడవలేదు. అమ్మ ఇంకా ఏదో చెబుతుందన్నట్టు ముఖంలోకి చూస్తూ నిలబడింది.

మేడం గబుక్కున అడ్డొచ్చి, పిల్లల్ని కొట్టకూడదమ్మా, తప్పు అని మందలించింది. కాగితం మీద మల్లిక పేరు రాసుకుని, ఈ పాపకు సపోర్టు చాలా అవసరమని సారుకు చెప్పింది. చేతుల సంగతి మళ్లీ ఎత్తలేదు. టీ తాగి, బాగుందమ్మా అంది.

మర్నాడు వరండాలో ఎనిమిదో చేట పడింది. అది కూడా కళావతే తెచ్చి పెట్టింది.

మధ్యాహ్నం సాంబారు బకెట్టుతో వరసల్లో తిరుగుతూ, ఇంకా ఎవరికి కావాలని అడిగింది. కుడిచేతులన్నీ అన్నంలో ఉన్నాయి కాబట్టి అందరూ ఎడంచేతులే ఎత్తారు. ఎత్తినవాళ్లకల్లా పోసుకుంటూ వచ్చింది. మల్లిక కంచంలో ఒట్టి అన్నం ఎండిపోతోంది. పిల్ల ఎడంచెయ్యి తొడ కింద ఉంది.

"చెయ్యెత్తు పాపా, పోస్తా."

మల్లిక తలెత్తింది. నిన్నటి దెబ్బకు చెంప కొద్దిగా కమిలి ఉంది.

"ఏ చెయ్యి మా?"

ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది. తరగతి గుమ్మంలో సారు నిలబడి చూస్తున్నాడు. కళావతి గంటె బకెట్టులో ముంచి, పక్క పిల్ల దగ్గరికి జరిగింది.