మూత తియ్యకూడని పిండి

ఇలా దగ్గరకి జరగండి. ఆ కిటికీ రెక్క లాగేసి, కాళ్లు దుప్పట్లోకి ముడుచుకోండి. చలి కబురు వినాలంటే చలికాలమే మేలు, అదీ వెచ్చగా కూచుని వినాలి. సన్యాసమ్మ ఇంట్లో ఒక లక్ష్మివారం నాడు జరిగిన ముచ్చట ఇది.

సన్యాసమ్మ అంటే, బర్మా దేశం రంగం పట్నంలో, బోటాటౌంగ్ రేవు గొడౌన్ల వెనక వీధిలో మూడో అంతస్తులో ఉండే ఢిల్లేశ్వరరావు గారి ఇల్లాలు. ఆ ఇంట్లో ఆవిడ, ఆయన, కొడుకు అమర్, కొత్తగా వచ్చిన కోడలు సాండా. నలుగురే మనుషులు.

సాండా మనవాళ్ల పిల్ల కాదు. షాన్ కొండల్లో ఆంగ్‌బాన్ అనే ఊరి నుంచి వచ్చిన బర్మా పిల్ల. అమర్ లత అనే పేటలో ఫోన్లు బాగుచేసే కొట్లో పని చేస్తాడు. ఆ పక్క కొట్లో ఈ పిల్ల లుంగీలు అమ్మేది. ఫోను బాగు చేయించుకుందామని వచ్చీ వచ్చీ, ఆఖరికి ఫోను బాగయింది, మావాడు పాడయ్యాడు అని ఢిల్లేశ్వరరావు గారి వేళాకోళం. పిల్ల మాత్రం మెత్తని పిల్ల. తెలుగు మాటలు ముళ్లున్న చేప తిన్నంత జాగ్రత్తగా, ఒక్కొక్కటే ఏరుకుని మాట్లాడుతుంది.

ఢిల్లేశ్వరరావు గారి తాతలు గంజాం నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. వస్తూ వస్తూ తెచ్చుకున్న ఆచారం ఒకటుంది. మార్గశిరమాసంలో ప్రతి లక్ష్మివారం, అంటే గురువారం, కుంచెడు బియ్యం పీట మీద పెట్టి, దాన్నే అమ్మవారనుకుని కొలుస్తారు. నైవేద్యం చకుళి. మినప్పప్పూ బియ్యం రుబ్బి, రాత్రంతా పులియబెట్టి, దళసరిగా పోసిన మెత్తని అట్టు అది. నోట్లో పెడితే నమలక్కర్లేదు.

అయితే దానికి కట్టుబాట్లు ఎక్కువ. ముందునాటి సాయంత్రం దీపం పెట్టిన దగ్గర్నుంచి, తెల్లారి స్నానం అయ్యేదాకా పిండి మూత తియ్యకూడదు. దాని మాట కూడా ఎత్తకూడదు, దిష్టి. ఇక ప్రసాదం గడప దాటకూడదు. ఇంటి మనుషులే తినాలి. పెళ్లయి వెళ్లిన ఆడపడుచుకైనా సరే పెట్టకూడదు, ఆవిడ వెంట ఇంటి లక్ష్మి కూడా వెళ్లిపోతుందని. అన్నిటికన్నా పెద్దది ఇంకొకటి. కొత్త కోడలు మొదటిసారి రుబ్బిన పిండి పొంగిందా, అమ్మవారు ఆ చేతిని ఒప్పుకున్నట్టు. అప్పట్నుంచి పిండి గిన్నె ఆ కోడలిదే. పొంగలేదా, అంతే సంగతులు.

ఆ గిన్నె కళాయి వేసిన ఇత్తడి గిన్నె. సన్యాసమ్మ అత్తగారిది. అంటే ఊళ్లోనే తామ్వే పేటలో ఉండే ఆడపడుచు వెంకాయమ్మకి అది కన్నతల్లి గిన్నె. అమర్ పెళ్లి నాటి నుంచీ వెంకాయమ్మ ఒకటే పాట.

"పిల్ల మంచిదేనే సన్యాసమ్మా, కాదన్ను. అయితే మాత్రం, మన అమ్మోరు కొత్త సేతికి లొంగుతాదేటి? పొంగదు సూడు."

సన్యాసమ్మకి రోషం ముక్కు మీదే ఉంటుంది. "పొంగకపోతే ఆ గిన్ని నానే నెత్తిమీదెట్టుకుని నీ ఇంటికి తెచ్చేత్తాను వదినా. మళ్లీ నా కోడల్ని పూజ పిండి ముట్టుకోమని అడగను," అనేసింది.

నోరు జారిన మాటకి తాళం ఏం వేస్తాం?

బుధవారం మధ్యాహ్నం వాళ్ల వంతు కరెంటు వచ్చింది. సాండా చెంపలకి బర్మా ఆడవాళ్లు రాసుకునే థనఖా చెక్క గంధం పూసుకుని, కొంగు బిగించుకుని గ్రైండరు ముందు కూచుంది. పిండి వెన్నలా నలిగింది. ఇత్తడి గిన్నెలోకి తీసి మూత పెట్టారు. అంతలో అమర్ మెట్లెక్కి వచ్చాడు, ముక్కు ఎర్రగా, ఫోను చేతిలో.

"అమ్మా, ఇన్నావేటి? ఉత్తరం గాలి దిగుతాదట. ఈ రాత్రి మన రంగంలోన పదమూడు డిగ్రీలట. పైన పుటావో కొండల మీద మంచు కూడా పడొచ్చట."

ఢిల్లేశ్వరరావు గారు మాట్లాడకుండా లేచి, పెట్టె అడుగు నుంచి కోతిటోపీ తీసి తలకి తొడుక్కున్నారు.

"మంచు పుటావోలో పడితే నీకేటి నాన్నా, ఇక్కడ టోపీ?"

"పుటావో నుంచి ఇక్కడికి రాడానికి మంచుకి టికెట్టు కావాలేట్రా? ముందే ఎట్టుకుంటే పోయిందేటి?"

వాళ్లిద్దరూ నవ్వుకున్నారు గానీ సన్యాసమ్మకి నవ్వు రాలేదు. రంగంలో పుట్టి, రంగంలో పెరిగిన మనిషి. ఇక్కడ పిండి పులియడం గురించి దిగులు పడ్డ రోజు లేదు, ఎక్కువ పులిసిపోతుందనే దిగులు తప్ప. చలికి పిండి రాయిలా ఉండిపోతుందని మాత్రం విన్నది. ఏళ్ల తరబడి లేని చలి ఇవాళే దిగాలా? ఇది గాలి కాదు, వెంకాయమ్మ వదిన నోటి వాక్కు అనుకుంది.

పొద్దు వాలగానే దేవుడి దగ్గరకి వెళ్లి దీపం వెలిగించింది. వత్తి సర్ది వెనక్కి తిరిగేసరికి, సాండా వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"అత్తా, పిండిని నేను..."

"ష్!" సన్యాసమ్మ పెదాల మీద వేలు పెట్టుకుంది. "దీపం ఎట్టీసినాను. ఇంక ఆ మాట ఎత్తకూడదు."

పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని, తలూపి, నోరు మూసుకుంది. చెప్పింది చెప్పినట్టు వినే పిల్ల.

అన్నాలు తిన్నాక చలి నిజంగానే దిగింది. కిటికీ సందుల్లోంచి సూదుల్లా గాలి. సన్యాసమ్మ వంటింట్లోకి వెళ్లి చూస్తే, మూలన పీట మీద ఇత్తడి గిన్నె పాపం ఒంటరిగా ఉంది. ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంది. మాట ఎత్తకూడదన్నారు గానీ కప్పకూడదనలేదు కదా. భుజం మీది ఉన్ని శాలువా తీసి, గిన్నె చుట్టూ రెండు చుట్లు తిప్పి, పసిపిల్లకి కట్టినట్టు ముడేసింది. అమ్మా, నా మాట కాదు, ఆ పిల్ల మొహం చూడు అని దణ్ణం పెట్టుకుని, వణుక్కుంటూ పోయి పడుకుంది.

తెల్లవారింది. వీధంతా పొగమంచు, రేవు వైపు ఓడల కూతలు వినపడుతున్నాయి గానీ గొడౌన్లు కనపడ్డం లేదు. సన్యాసమ్మ వేణ్ణీళ్లు కాచుకుని స్నానం చేసి వంటింట్లోకి వచ్చి, అక్కడే ఆగిపోయింది.

రాత్రి తను కట్టిన మూట ఇప్పుడు ఇంతయింది. శాలువా మీద ఢిల్లేశ్వరరావు గారి స్వెట్టరు, చేతులు రెండూ ముందుకి కట్టి ఉన్నాయి. ఆ సందులో అమర్ దూర్చిన వేణ్ణీళ్ల సీసా. అన్నిటిమీదా, మూత బుడిపెకి, కోతిటోపీ. మూలన ఎవరో ముసలాయన గొంతుక్కూచుని చలి కాచుకుంటున్నట్టే ఉంది. మాట ఎత్తకూడదని ఒకరితో ఒకరు అనుకోకుండా, ఎవరికి వాళ్లే లేచి వచ్చి కప్పి పోయారన్నమాట. సన్యాసమ్మకి కళ్లు చెమర్చాయి. నవ్వూ వచ్చింది.

అప్పుడే బాల్కనీలో గంట మోగింది. రంగంలో మేడల మీదివాళ్లు వీధిలోకి తాడు వేలాడదీసి, చివర గంట కడతారు కదా, ఆ గంట. అమర్ తొంగి చూశాడు.

"అమ్మా, తామ్వే అత్త!"

కింద నుంచి వెంకాయమ్మ కేక. "ఒరే, ముందు ఈ సంచీ లాగరా! మెల్లిగా! ఒలికిపోయిందంటే సూడు!"

బరువైన గుడ్డసంచీ తాడు మీద ఊగుతూ పైకి వచ్చింది. సంచీ వెనకాలే, మెట్టుకో నిట్టూర్పు వదులుతూ వెంకాయమ్మ వచ్చింది. వస్తూనే వంటింటి మూలకేసి చూసి, "ఓలమ్మ! ఎవులే ఆ ముసిలోడు?" అంది.

"పిండి వదినా."

"నా తమ్ముడనుకున్నాను. తియ్యి మరి. తానం సేసినావు కదా, సూద్దుం."

"పిల్ల తానానికి ఎల్లింది. రానీ."

"అది వచ్చినా రాకపోయినా ఉన్నదే ఉంటాది. తియ్యవే."

సన్యాసమ్మ టోపీ తీసింది. స్వెట్టరు విప్పింది. సీసా పక్కన పెట్టింది, శాలువా ముడి విప్పింది. మూత తీసింది.

గిన్నెలో నీళ్లు. తెల్లగా, పల్చగా, కుడితిలాంటి నీళ్లు. అంచున ఎండిన పిండి చార.

"ఇదేటి, పిండి నీరయిపోయినాది?" అన్నారు ఢిల్లేశ్వరరావు గారు. వెంకాయమ్మ తన సంచీ వైపు ఒకసారి చూసి తల దించుకుంది.

సన్యాసమ్మ గిన్నె రెండు చేతులా ఎత్తింది. "మాటంటే మాటే వదినా. మీ అమ్మ గిన్ని. అట్టుకెల్లు." కంట్లో నీళ్లు గిన్నెలో పడ్డాయి.

అప్పుడు వచ్చింది సాండా, తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని. అత్త చేతిలో గిన్నె చూసి కంగారుగా, "అయ్యో అత్తా, అది నేను తోముతాను. పిండి అంటుకుంది కదా, నానాలని నీళ్లు పోశాను" అంది.

"పిండేదే మరి?"

ఆ పిల్ల మూలనున్న బియ్యం డ్రమ్ము దగ్గరకి వెళ్లి మూత తీసింది. బియ్యంలో మెడదాకా పాతిన పొడుగు స్టీలు డబ్బా. దాని మూతని పిండి తనంతట తనే పైకి లేపి, పక్కకి నెట్టి, గోపురంలా పొంగి, అంచుల మీదుగా బియ్యం మీదకి జారింది. తెల్లగా, బుడగలు బుడగలుగా.

"ఇదిగో నాన్నా," అన్నాడు అమర్, "పుటావో మంచు. టికెట్టు లేకుండానే వచ్చీసినాది."

సాండా మాటలు వెతుక్కుంటూ చెప్పింది. "మా ఊరు చలి. ఇత్తడి చల్లగా ఉంటుంది. మా అమ్మ సోయా గింజలు పులియబెట్టేటప్పుడు బియ్యం బస్తాల మధ్య పెడుతుంది. అందుకని మీరు దీపం పెట్టేలోపలే మార్చేశాను."

"మార్సినావు సరే, నాతో సెప్పొద్దేటే గుంటా?"

"చెప్పబోయాను. మీరు ష్ అన్నారు."

అంతే. ముందు ఢిల్లేశ్వరరావు గారు, తరవాత అమర్, ఆ తరవాత సన్యాసమ్మ ఏడుపులోనే నవ్వు. రాత్రంతా ముగ్గురూ చలికి వణుకుతూ కుడితినీళ్లకి స్వెట్టరు తొడిగారు మరి!

వెంకాయమ్మ మాత్రం మూతి బిగించి, "గిన్నిలో పొంగనేదు కదా," అంది.

"సెయ్యి ఎవులిది అని కదప్పా మాట," అన్నారు తమ్ముడు ఢిల్లేశ్వరరావు గారు. "గిన్ని ఏది అని కాదు. పైగా బియ్యంలో పొంగినాది. పూజ సేసేది ఆ బియ్యానికే కదేటి?"

ఈలోగా సాండా ఆ సంచీ తీసి గట్టు మీద పెట్టబోయి, "అత్తా, ఇదేమిటి, ఇంత చల్లగా ఉంది?" అంది. విప్పితే టిఫిను క్యారియరు. అందులో రుబ్బిన చకుళి పిండి, కదలకుండా మెదలకుండా, ముద్దలా.

"ఏటి సూత్తారలాగ?" అంది వెంకాయమ్మ మొహం తిప్పుకుని. "మీది పొంగకపోతే మా అమ్మ పూజ ఆగిపోద్దని, నాను కూడా రుబ్బినాను. నాదే పొంగనేదు. సలి. నానేటి సేసేది?"

గిన్నె పట్టుకుపోవడానికి వచ్చిందనుకున్న మనిషి, పిండి మోసుకుని వచ్చింది.

సాండాకి ఇవేవీ తెలియవు. పొంగని పిండిని చూస్తే జాలేసింది. గరిటెడు పొంగిన పిండి తీసి క్యారియర్లో కలపబోయింది. వెంకాయమ్మ చటుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దమ్మా. ఈ ఇంటి పూజది నాకు కలపకూడదు. నాను పరాయిదాన్ని. నువ్వు ఇంటి మనిసివి. పెళ్లయి ఎల్లిన కాడినుంచి మా అమ్మ చకుళి నా నోట పడనేదు."

అని, తన నోటినుంచి వచ్చిన మాట తనకే వినపడి ఆగిపోయింది. ఎవరు పరాయి, ఎవరు ఇంటి మనిషి!

సన్యాసమ్మ చదువుకోలేదు గానీ బుర్ర చురుకే. సాండా చేతిలో గరిటె తనే తీసుకుంది. "అమ్మోరికి నైవేద్యం ఎట్టినాక కదా వదినా, అది ప్రసాదం. ఎట్టకముందు ఒట్టి పిండి. ఇరుగూ పొరుగూ తోడు అడిగితే ఇవ్వమేటి? ఇదీ అంతే." గరిటె క్యారియర్లో పడింది. కలిపి, మూత పెట్టి, సాండా దాన్ని డబ్బా ఉన్న గోతిలోనే బియ్యంలో పాతేసింది.

పూజ అయింది. ఎండ వచ్చి పొగమంచు విడిపోయి, రేవులో ఓడలు కనపడ్డాయి. ఆ వేళకి వెంకాయమ్మ పిండి కూడా కదిలి, బుడగలు కక్కింది. ఒకే పెనం మీద ఆవిడ చకుళి ఆవిడకి పోసి పెట్టారు. ఇంటివాళ్లు ప్రసాదం తిన్నారు, ఆవిడ తనది తాను తింది. రెంటికీ రుచిలో తేడా ఉంటే కదా! మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, "అమ్మదే," అని ఊరుకుంది వెంకాయమ్మ.

తిన్నాక ఎవరు చెప్పినా వినకుండా ఆ ఇత్తడి గిన్నె ఆవిడే చింతపండేసి తోమింది. తళతళలాడేలా తుడిచి సాండా చేతుల్లో పెట్టింది. "నీ గిన్ని. మాసిపోనియ్యకు. అయితే మాత్రం, సలికాలం దీన్లో పొయ్యకు, సలి దీనికి."

అమర్ ఫోను చూసి, ఇంకో రెండు రోజులు ఇదే చలట అన్నాడు. ఢిల్లేశ్వరరావు గారు రాత్రి గిన్నెకి పెట్టిన తన టోపీ ఎక్కడుందా అని వెతుక్కుంటున్నారు.

అదీ సంగతి. ఇది మీ నోట నిలవాలి. రేపు మీ ఇళ్లలో చలి దిగినప్పుడు మీ పిల్లల్ని ఇలాగే దుప్పట్లో కూచోబెట్టుకుని చెప్పండి. పేర్లు మరిచిపోయినా పరవాలేదు. ఆ గరిటెడు తోడు పిండి మాత్రం వదలకుండా చెప్పండి. కోతిటోపీ కూడా.