దిగే కప్పు కింద

పొద్దున్న ఆరయ్యేసరికి మా నాలుగో అంతస్తు నడవా అంతా కాఫీ వాసన, పెనం మీద వేగే పంది మాంసం వాసన కమ్ముకునేవి. జునీటా వృద్ధాశ్రమంలో ఆయా పనికి బయల్దేరుతూ జుట్టు ముడేసుకుంటుంటే, ఆమె తండ్రి ఎల్వుడ్ కిటికీ దగ్గర నిలబడి గడ్డం గీసుకునేవాడు. ఆరున్నర అడుగుల మనిషి. బతుకంతా టొలీడో సిటీ బస్సు డ్రైవరు సీటులో ముడుచుకుని కూర్చున్నాడేమో, ఇంట్లో మెలకువగా ఉన్నంతసేపూ నిలబడే ఉంటాడు. భోజనం కూడా నిలబడే.

"కూర్చుని తిను నాన్నా, గుర్రంలా ఏంటది?"

"గుర్రానికి అద్దె ఎవరూ పెంచరు తల్లీ," అనేవాడు.

మాది సర్కారు కట్టించిన భవనం, ఇక్కడ అద్దె అంటే జీతంలో ఇంత వాటా అని. జీతం పెరిగితే అద్దె పెరుగుతుంది, దాంతోపాటు ఆ ఇంటి పైకప్పు కిందికి దిగుతుంది. చప్పుడు కాదు, సున్నం రాలదు. రాత్రి పడుకుని పొద్దున లేచేసరికి నాలుగు వేళ్ళో, జానెడో దిగి ఉంటుంది. పై అంతస్తువాళ్ళ నేల మాత్రం ఎక్కడిదక్కడే. ఉద్యోగం ఊడితే మళ్ళీ పైకి పోతుంది. మా చిన్నప్పటి నుంచీ అంతే. అందుకే ఊళ్ళో జీతం పెంచుతామంటే మొహం చాటేసేవాళ్ళం మేమొక్కళ్ళమే. ఓవర్‌టైమ్ చేయమంటే చర్చిలో పని ఉందంటాం. మమ్మల్ని బద్ధకస్తులని పేపరులో రాస్తే చదువుకుని, దాని మీదే చేపలు శుభ్రం చేసుకుంటాం.

జునీటాని నర్సు కోర్సు చదివిస్తామని ఆశ్రమంవాళ్ళు ఎన్నిసార్లు అడిగారో. ప్రతిసారీ వద్దంది. ఆమె ఎత్తుకి కప్పు దిగినా పరవాలేదు, మెడ వంచుకుంటుంది. కానీ ఎల్వుడ్ తలకీ కప్పుకీ మధ్య అప్పటికే బెత్తెడు కూడా లేదు. ఆయన వంగితే ఊపిరి ఆడదు. వంగి నడిచే తండ్రిని చూస్తూ తాను తెల్ల కోటు తొడుక్కోలేనని ఎదురింటి మిస్ ఓపల్‌తో చెప్పి ఏడ్చింది కూడా.

ఆ సంవత్సరమే గ్రాంటు మనిషి వచ్చింది. గ్రీర్ అని, బొద్దుగా, నవ్వు మొహంతో. వాషింగ్టన్ సర్కారు ఇచ్చే గ్రాంటుతో ఆమె ఉద్యోగం. ఇంటింటికీ తిరిగి మాకు ధైర్యం చెప్పడమే పని.

"ఇకమీదట నీ జీతంతోపాటు పెరిగే అద్దె గాల్లో కలిసిపోదు," అంది జునీటాతో. "పెరిగినంత వరకూ నీ పేరునే వేరే ఖాతాలో జమవుతుంది. అయిదేళ్ళు నిలబడ్డావా, అదంతా నీదే. ఇల్లు కొనుక్కోవచ్చు."

"మరి కప్పు?"

గ్రీర్ నవ్వు కాస్త తగ్గింది. "కప్పుకి గ్రాంటు లేదు, జునీటా. అడిగి చూశాం."

"అయితే నాకొద్దు. మీరు వేరే ఇల్లు చూసుకోండి."

వంటగట్టు దగ్గర నిలబడి మొక్కజొన్న రొట్టె తింటున్న ఎల్వుడ్ చేతిలో ముక్క పక్కన పెట్టి కప్పుకేసి చూశాడు. మర్నాడు పొద్దున ఆయన లేవలేదు.

"కాళ్ళు పోయాయమ్మా," అన్నాడు పడుకునే. "చచ్చుబడిపోయాయి."

జునీటా పరుగున వెళ్ళి ఫోన్ అందుకుంది. ఆంబులెన్సు, ఆస్పత్రి, ఎక్స్‌రేలు. డాక్టరు మోకాళ్ళ మీద సుత్తితో కొట్టి చూసి, కనపడేదేమీ లేదు, వయసు అన్నాడు. ఎల్వుడ్‌ని తెచ్చి నేల మీద పరుపు వేసి పడుకోబెట్టారు. వారం రోజులు ఆమె పనికి పోకుండా ఆయన కాళ్ళు మర్దన చేసింది. తరువాత గ్రీర్‌కి ఫోన్ చేసి, "ఇంక కప్పు ఎక్కడికి దిగినా ఒకటే," అంది.

చదివింది. నర్సయింది. కప్పు దిగింది.

ముందు మెడ వంచింది, తరువాత భుజాలు, తరువాత నడుం. పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చుని వండేది. దీపం పీకి నేల మీద పెట్టుకున్నారు. అద్దం గోడకి అడుగున దిగ్గొట్టారు. ఇంటికొచ్చిన గ్రీర్ గుమ్మంలోంచే చేతుల మీద పాకుతూ లోపలికి వచ్చి, ఎల్వుడ్ పరుపు పక్కన కూలబడి కాఫీ తాగేది. ఎంత జమయిందో చెప్పి మళ్ళీ పాక్కుంటూ పోయేది. ఆశ్రమంలో అందరి ముందూ నిటారుగా తిరిగే జునీటా, సాయంత్రం తాళం తీసి వంగేటప్పుడు మూలిగేది. ఆ మూలుగు నడవా చివరిదాకా వినిపించేది. మేం టీవీల శబ్దం పెంచుకునేవాళ్ళం. ఏం చేయగలం?

నాలుగో చలికాలంలో వాషింగ్టన్‌లో ఏదో పేచీ వచ్చి గ్రాంటు ఆగిపోయిందన్నారు. గ్రీర్ రావడం మానేసింది. ఆఫీసుకి వెళితే కిటికీ మూసి ఉంది. ఖాతాలో డబ్బు ఉందో లేదో చెప్పే దిక్కు లేదు. అదే నెలలో జీతం పెరిగి, కప్పు ఇంకాస్త దిగి, కుర్చీ వీపుకి తగిలింది.

జునీటా ఆ రోజు బూట్లు కూడా విప్పకుండా తండ్రి పక్కన వచ్చి పడుకుంది. కప్పు ఇద్దరి మొహాలకీ దగ్గరగా ఉంది.

"రేపు వెళ్ళి మళ్ళీ ఆయా పని ఇవ్వమంటాను నాన్నా. నావల్ల కాదు. నడుం విరిగిపోతోంది. చచ్చిపోతాననిపిస్తోంది."

"నర్సు చావకూడదమ్మా. పేషెంట్లు నవ్వుతారు."

"నవ్వులాటా నీకు? ఆ డబ్బు రాదు! మనల్ని బకరాల్ని చేశారు! నువ్వు కాళ్ళు పోగొట్టుకుని ఈ గుహలో పడున్నావు, నేను వంగి వంగి... దేనికి? చెప్పు, దేనికి?"

ఎల్వుడ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. "వెళ్ళకు," అన్నాడు. "నీ కాళ్ళు పట్టుకుంటాను, వెళ్ళకు. ఇప్పుడు వెనక్కి పోతే నేనిన్నాళ్ళు పడుకున్నదంతా వృథా."

తండ్రి గొంతు అలా జీరపోవడం ఆమె ఎన్నడూ వినలేదు. మర్నాడు వెళ్ళలేదు.

మంచు కరిగేవేళకి గ్రాంటు మళ్ళీ వచ్చింది. గ్రీర్ చిక్కిపోయి వచ్చింది. డబ్బు ఎక్కడికీ పోలేదంది. గడువు పూర్తయ్యే రోజుకి బ్యాంకు అప్పు కూడా కలిసొచ్చి, ఊరి పడమట రెండు గదుల చెక్క ఇల్లు జునీటా సొంతమయింది.

సామాను మేమే మోశాం. మా నాలుగో అంతస్తు మగవాళ్ళిద్దరు ఎల్వుడ్‌ని కుర్చీతో సహా ఎత్తుకెళ్ళి కొత్త ఇంటి ముందుగదిలో దింపారు. మిస్ ఓపల్ పొయ్యి వెలిగించి ఆకుకూర ఉడకేసింది. పైకప్పు ఎంతో ఎత్తున, తెల్లగా, కదలకుండా ఉంది. ఎల్వుడ్ దాన్ని చూశాడు. కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

జునీటా చేతిలో గిన్నె జారిపోయింది. "నాన్నా!"

"అరవకు తల్లీ. చెప్పేస్తాను."

ఆయన నోరు తెరిచేలోగా ఓపల్ అందుకుంది. "ఈ మనిషికి ఏ రోగమూ లేదమ్మా. నువ్వు డ్యూటీకి పోగానే పాకుతూ బయటికొచ్చేవాడు. నడవాలో కప్పు దిగదు కదా, ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తూనే ఉండేవాడు. లేకపోతే కాళ్ళు నడక మరిచిపోతాయట. మా అందరి చేతా ఒట్టేయించుకున్నాడు. నీ అడుగు వినపడగానే మళ్ళీ లోపలికి."

"డాక్టరు సుత్తితో కొడితే కూడానా?"

"నొప్పెట్టింది," అన్నాడు ఎల్వుడ్. "ఓర్చుకున్నాను. నేను నిలబడి ఉన్నంతకాలం నువ్వు ఆ కోర్సు చదవవుగా మరి."

జునీటా తిట్టింది. మేం ఎప్పుడూ వినని తిట్లు, చర్చికి పోయే మనిషి నోట్లోంచి. దొంగ, మోసగాడు, ముసలి గాడిద. తిడుతూ తిడుతూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. తండ్రిని కౌగిలించుకోవడానికి ముందుకు వచ్చింది. ఆమె తల ఆయన పొట్టకి తగిలింది.

అప్పుడు గమనించాం. తలుపు దాటిన దగ్గర్నుంచీ ఆమె వంగే తిరుగుతోంది.

"అలవాటు," అని నవ్వి, నడుం నిటారు చేయబోయింది. రాలేదు. గుమ్మంలోంచి బయట మెట్ల మీదకి వెళ్ళి ప్రయత్నించింది, తిన్నగా లేచింది. లోపలికి వచ్చింది, వంగిపోయింది. ఆశ్రమంలో, చర్చిలో, బస్సులో అంతా ఎప్పుడూ నిటారుగానే ఉండేది. సొంత ఇంట్లోనే లేవలేకపోయింది. ఓపల్ వెన్ను రాసింది. పొయ్యి మీద ఆకుకూర మాడుతున్నా ఎవరూ కదల్లేదు.

"పరవాలేదు నాన్నా," అంది జునీటా నేలకేసి చూస్తూ. "నువ్వు నిలబడ్డావు, చాలు."

ఎల్వుడ్ మోకాళ్ళ మీద చేతులు ఆన్చి, మెల్లగా కిందికి దిగి, ఆ కొత్త నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. అలా పడుకుంటేనే కూతురి మొహం ఆయనకి పూర్తిగా కనబడుతోంది.

"ఇప్పుడు చెప్పమ్మా," అన్నాడు, "ఎక్కడ నొప్పి?"